ఫ్యామిలీ ఎస్‌యూవీ: బయటి కొలతలు, లోపలి చోటు – తరచుగా అడిగే ప్రశ్నలు

కారు కొనాలనుకున్న ఇంట్లో ముందు ధర గురించి మాట్లాడుకుంటారు, తర్వాత మైలేజీ, ఆ తర్వాత రంగు. చోటు సంగతి ఎవరికీ గుర్తు రాదు. డెలివరీ తీసుకుని, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాక, మొదటి దూర ప్రయాణంలో వెనక సీటు మధ్యన ఇరుక్కున్న అత్తగారు ఊరు దాటకముందే ఆ సంగతి గుర్తుచేస్తారు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు కాబట్టి ముందే తేల్చుకోవలసిన ప్రశ్నలు ఇక్కడ పెట్టాం.

కొలతలన్నీ కంపెనీలు ప్రకటించినవే. పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో, డిక్కీ లీటర్లలో ఇచ్చాం. మోడల్ మారితే అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. కొనే రోజున బ్రోషర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

కారు పొడవుగా ఉంటే లోపల చోటు ఎక్కువ ఉన్నట్టే కదా?

కాదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. పొడవు అంటే ముందు బంపర్ నుంచి వెనక బంపర్ దాకా. అందులో ఇంజిన్ ఎంత తిన్నది, మనుషులకు ఎంత మిగిలింది అనేది ఆ అంకె చెప్పదు.

టొయోటా బండ్లనే రెండు తీసుకోండి. ఫార్చూనర్ పొడవు 4,795. ఇన్నోవా హైక్రాస్ 4,755. ఫార్చూనర్ 40 మి.మీ. పెద్దది. ముందు చక్రాల మధ్యబిందువు నుంచి వెనక చక్రాల మధ్యబిందువు దాకా ఉండే దూరం, అంటే వీల్‌బేస్, చూస్తే ఫార్చూనర్‌ది 2,745, హైక్రాస్‌ది 2,850. అంటే పొట్టి బండికే 105 మి.మీ. ఎక్కువ. ఫార్చూనర్ లారీలాగా దృఢమైన ఇనుప చట్రం మీద కట్టిన బండి. ఇంజిన్ నిలువుగా కూర్చుంటుంది, దాని వెనక గేర్‌బాక్సు, అక్కడి నుంచి వెనక చక్రాల దాకా షాఫ్టు. వీటన్నిటి మీద నేల వేయాలి కాబట్టి నేల ఎత్తుగా వస్తుంది. సీటుకూ నేలకూ మధ్య ఎత్తు తగ్గి మోకాళ్లు పైకి లేస్తాయి. హైక్రాస్‌లో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలనే తిప్పుతుంది, వేరే చట్రం లేదు. మిగిలిన చోటంతా సీట్లకే.

ఫార్చూనర్ చెడ్డ బండి అని దీని అర్థం కాదు. రోడ్డు లేని చోటికి వెళ్లేందుకు దాన్ని అలా కట్టారు. మన ఇళ్లలో కొనేవాళ్లలో అలాంటి చోటికి వెళ్లేవాళ్లు ఎందరన్నది వేరే సంగతి.

అయితే వీల్‌బేస్ చూస్తే సరిపోతుందా?

పొడవు కంటే నమ్మదగిన అంకె. కానీ ఒకే రకం నిర్మాణం ఉన్న బండ్ల మధ్యనే పోల్చాలి.

మహీంద్రా థార్ రాక్స్ వీల్‌బేస్ 2,850, సరిగ్గా ఇన్నోవా హైక్రాస్‌ది ఎంతో అంతే. అయినా రాక్స్‌లో ఐదు సీట్లు, హైక్రాస్‌లో ఏడు, ఎనిమిది. రాక్స్‌లో నిలువు ఇంజిన్ ముందు చక్రాల మధ్యకు, ఇంకా వెనక్కి జరిగి ఉంటుంది. వీల్‌బేస్‌లో కొంత భాగం బానెట్ కిందే ఖర్చయిపోతుంది. పైగా దాని మొత్తం పొడవు 4,428 మాత్రమే. వెనక చక్రాల అవతల ఇంకో వరుస పెట్టేంత తోక లేదు.

అడ్డంగా ఇంజిన్ ఉండి, ముందు చక్రాలనే తిప్పే బండ్ల మధ్య పోలిస్తే మాత్రం వీల్‌బేస్ బాగా పనికొస్తుంది. ఇక్కడ ఆశ్చర్యాలు కూడా ఉన్నాయి. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ నాలుగు మీటర్ల లోపు బండి, పొడవు 3,990. వీల్‌బేస్ 2,600. హ్యుందాయ్ క్రెటా పొడవు 4,330. వీల్‌బేస్ 2,610. బయట 340 మి.మీ. తేడా కనిపిస్తుంటే చక్రాల మధ్య తేడా పది మిల్లీమీటర్లే. ఆ మిగిలిన పొడవు క్రెటాలో ప్రధానంగా డిక్కీకి, బంపర్లకు వెళ్లింది.

అన్ని చిన్న ఎస్‌యూవీలూ 3,990, 3,995 దగ్గరే ఎందుకు ఆగిపోతాయి?

పన్ను వల్ల. 4,000 మి.మీ. దాటని బండి, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటని ఇంజిన్, ఈ రెండూ కలిస్తేనే చిన్న కారు. ఈ గీత 2006 బడ్జెట్ నాటిది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అలాంటి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతం, అంతకు పెద్దవాటి మీద 40 శాతం. ఎలక్ట్రిక్ బండికి సైజుతో పని లేకుండా 5 శాతం.

రెండు షరతులూ కలవాలి అన్నది మరిచిపోకండి. మారుతి బ్రెజా పొడవు 3,995 అయినా పెట్రోల్ ఇంజిన్ 1,462 సీసీ. కాబట్టి 40 శాతమే. చిన్న బండి చోటు, పెద్ద బండి పన్ను. బ్రెజాలో వేరే మంచి గుణాలు ఉండవచ్చు గానీ, చోటు లెక్కలో మాత్రం ఈ విషయం తెలిసి కొనాలి.

భార్య, భర్త, ఇద్దరు పిల్లలు. నాలుగు మీటర్ల లోపు బండి చాలదా?

నూటికి తొంభై ఇళ్లకు చాలుతుంది. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

నెక్సాన్ వీల్‌బేస్ 2,498. బ్రెజా, సోనెట్ రెండూ 2,500. స్కోడా కైలాక్ 2,566. కియా సైరోస్ 2,550. సైరోస్ పై వేరియంట్లలో వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. డిక్కీలో సామాను ఎక్కువ ఉన్న రోజున సీటు ముందుకు, మనుషులు పొడుగ్గా ఉన్న రోజున వెనక్కి. ఆ జరుపుడుతోనే డిక్కీ 390 నుంచి 465 లీటర్ల దాకా మారుతుంది. చిన్న బండిలో ఇంతకంటే తెలివైన ఏర్పాటు మరొకటి లేదని మా అభిప్రాయం.

పండక్కి ఊరెళ్లేటప్పుడు అమ్మానాన్నలు కూడా వస్తారు అంటే ఆరుగురవుతారు. అప్పుడు ఐదు సీట్ల బండి ఎంత పెద్దదైనా చాలదు. నాలుగు మీటర్ల బండి నుంచి క్రెటాకు వెళ్లడం ఈ సమస్యకు పరిష్కారం కాదు. ఆర్‌సీలో ఎన్ని సీట్లుంటే అందరే కూర్చోవాలి.

క్రెటా, గ్రాండ్ విటారా, ఎలివేట్, కుషాక్: వీటిలో లోపల ఏది విశాలం?

ఒక్క ముక్కలో జవాబు రాదు. ఎవరికి ఏ దిక్కున చోటు కావాలి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పొడవులో గ్రాండ్ విటారా 4,345, క్రెటా 4,330, హోండా ఎలివేట్ 4,312, స్కోడా కుషాక్ సుమారు 4,225. వీల్‌బేస్‌లో వరుస తారుమారవుతుంది: కుషాక్ 2,651, ఎలివేట్ 2,650, క్రెటా 2,610, గ్రాండ్ విటారా 2,600. అన్నిటికంటే పొట్టి బండికి అన్నిటికంటే పెద్ద వీల్‌బేస్. కుషాక్‌లో వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లకు చోటు బాగానే ఉంటుంది. వెడల్పు చూస్తే 1,760 మాత్రమే, క్రెటా 1,790. ఆ 30 మి.మీ. కాగితం మీద చిన్నదే. ముగ్గురు భుజాలు ఆనించి కూర్చున్నప్పుడు మాత్రం చిన్నది కాదు. కుషాక్ నలుగురి బండి. ఐదో మనిషి చిన్నపిల్లైతే సరే.

ఎలివేట్‌లో మోకాళ్లకూ డిక్కీకీ రెండిటికీ చోటుంది, డిక్కీ 458 లీటర్లు. క్రెటా డిక్కీ 433, వెనక సీటు వీపు రెండు స్థాయిల్లో వాలుతుంది. దూర ప్రయాణంలో కాళ్లకు దొరికే రెండు అంగుళాల కంటే ఈ వాలు విలువైనదని మధ్యాహ్నం భోజనం చేసి బండెక్కినవాళ్లు ఒప్పుకుంటారు. గ్రాండ్ విటారా మైల్డ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌కు చిన్న మోటారు సాయం మాత్రమే చేసే రకం) డిక్కీ 373. దాని స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెద్ద బ్యాటరీతో కొంత దూరం మోటారు మీదే నడిచే రకం) సంగతి కింద వేరే ప్రశ్నలో ఉంది, అది చదవకుండా బుక్ చేయకండి.

వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు హాయిగా కూర్చోవాలంటే?

పొడవు మరిచిపోయి వెడల్పు చూడండి. మనిషికి భుజాల దగ్గర సుమారు 45 సెంటీమీటర్లు వేసుకున్నా ముగ్గురికి 135 సెంటీమీటర్లు కావాలి. వెనక తలుపు లోపలి అంచు నుంచి రెండో తలుపు అంచు దాకా, భుజాల ఎత్తులో టేపు పెట్టి కొలవండి. బయటి వెడల్పులో తలుపుల మందం కూడా కలిసి ఉంటుంది కాబట్టి అది ఒక సూచన మాత్రమే.

టాటా హారియర్ వెడల్పు 1,922. క్రెటా కంటే 13 సెంటీమీటర్లు ఎక్కువ. ముగ్గురు కూర్చునే ఇంటికి ఈ తేడా మొదటి పది కిలోమీటర్లలోనే తెలుస్తుంది. స్కార్పియో-ఎన్ 1,917, ఎక్స్‌యూవీ 700 1,890, హెక్టార్ 1,835.

వెడల్పుతో పాటు మధ్య సీటు సొంత అవలక్షణాలు ఉంటాయి. నేల మధ్యలో గుట్ట ఎంత ఎత్తుగా ఉంది? ముందు సీట్ల మధ్య ఉండే ఏసీ గొట్టాల పెట్టె మోకాలికి తగులుతోందా? మడిచిన ఆర్మ్‌రెస్ట్ వీపులో గట్టిగా గుచ్చుకుంటోందా? మధ్య మనిషికి హెడ్‌రెస్ట్ ఉందా? ఇంట్లో మధ్యన ఎవరు కూర్చోబోతున్నారో వారినే షోరూమ్‌కు తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టండి. సాధారణంగా షోరూమ్‌కు వెళ్లేది ముందు సీట్లలో కూర్చునే ఇద్దరే.

డిక్కీ లీటర్లు ఎలా కొలుస్తారు? కంపెనీకో లెక్క ఉంటుందా?

లెక్కలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి, గందరగోళమంతా అక్కడే. యూరప్‌లో వాడుకలో ఉన్న వీడీఏ పద్ధతిలో 200×100×50 మి.మీ. దిమ్మెలను, అంటే ఒక్కొక్కటి సరిగ్గా లీటరు, డిక్కీలో పేరుస్తారు. ఎన్ని పడితే అన్ని లీటర్లు. మూలల్లో దిమ్మె పట్టని చోటు లెక్కలోకి రాదు. మామూలుగా వెనక సీటు మీది పార్సిల్ ట్రే ఎత్తు వరకే పేరుస్తారు. అమెరికా లెక్కలో పైకప్పు దాకా ఉన్న ఖాళీ అంతా చేరుతుంది.

ఒకే బండికి రెండు లెక్కలూ చూడండి. 2019 తరం టొయోటా రావ్4కు యూరప్ బ్రోషర్‌లో డిక్కీ 580 లీటర్లు. అమెరికాలో 37.5 ఘనపుటడుగులు, అంటే దాదాపు 1,062 లీటర్లు. బండి అదే, డిక్కీ అదే. మన దగ్గర థార్ రాక్స్ విషయంలోనూ ఇంతే: పైకప్పు దాకా 644, వీడీఏ ప్రకారం 447. కాబట్టి ఎవరైనా 600 పైన అంకె చెబితే "కప్పు దాకానా, ట్రే దాకానా?" అని అడగండి. సేల్స్ కుర్రాడు ఒక్క క్షణం తడబడతాడు, ఫర్వాలేదు.

433 లీటర్లంటే ఎన్ని పెట్టెలు?

పెద్ద ట్రాలీ సూట్‌కేసు సుమారు 75×50×30 సెంటీమీటర్లు. గుణిస్తే 112 లీటర్లకు పైనే. భాగహారం చేస్తే నాలుగు పెట్టెలు దాదాపు పట్టాలి. పట్టవు. చక్రాల ఉబ్బు రెండు వైపులా లోపలికి వస్తుంది, వెనక తలుపు వాలుగా మూసుకుంటుంది, పెట్టెలు నీళ్లలాగా ఆకారం మార్చుకోవు. ఇలాంటి డిక్కీలో రెండు పెద్ద పెట్టెలు, రెండు చిన్నవి, మూలల్లో మెత్తటి సంచులు అనుకోండి.

మన సామాను పెట్టెలతో ఆగదు కూడా. ఊరి నుంచి వచ్చేటప్పుడు పాతిక కిలోల బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, కొబ్బరికాయల గోతం, మామిడికాయల అట్టపెట్టె ఎక్కుతాయి. వీటికి లీటర్ల కంటే ముఖ్యమైనవి రెండున్నాయి. ఒకటి, డిక్కీ గడప ఎత్తు: బస్తాను నడుము దాకా ఎత్తి, గడప దాటించి, మళ్లీ లోపలికి దింపాలా, లేక తిన్నగా లోపలికి తోసేయవచ్చా? రెండు, నేల చదునుగా ఉందా: జాడీ ఒరిగితే నూనె కారేది కొత్త కార్పెట్ మీదే.

హైబ్రిడ్, సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ తీసుకుంటే చోటు తగ్గుతుందా?

చాలాసార్లు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది బ్యాటరీ లేదా సిలిండర్ ఎక్కడ పెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది.

గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ డిక్కీ కింద ఉంటుంది. 373 లీటర్లు కాస్తా 265 అవుతుంది. నేల కూడా ఎత్తవుతుంది, పెద్ద పెట్టెను నిలబెట్టడం కష్టం. హైక్రాస్ హైబ్రిడ్‌లో బ్యాటరీ ముందు సీట్ల కింద సర్దారు కాబట్టి డిక్కీకి నష్టం లేదు. సీఎన్‌జీలో టాటా రెండు చిన్న సిలిండర్లను డిక్కీ నేల కింద పడుకోబెడుతుంది. పంచ్ డిక్కీ 366 నుంచి 210కి, నెక్సాన్‌ది 382 నుంచి 321కి తగ్గుతుంది. ఒకే పెద్ద సిలిండర్‌ను డిక్కీలో పెట్టే బండ్లలో మిగిలేది సంచుల చోటే. మారుతి విక్టోరిస్‌లో సీఎన్‌జీ ట్యాంకును బండి అడుగున అమర్చారు. డిక్కీ దాదాపు దక్కింది.

ఎలక్ట్రిక్ బండ్లలో డిక్కీ కంటే నేల ఎత్తు చూడాలి. పెట్రోల్ బండిని ఎలక్ట్రిక్‌గా మార్చినప్పుడు బ్యాటరీ నేల కింద చేరి, వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు పైకి లేచి, తొడల కింద సీటు ఆసరా తగ్గుతుంది. మొదటి నుంచీ ఎలక్ట్రిక్‌గానే గీసిన మహీంద్రా ఎక్స్ఈవీ 9ఈ వీల్‌బేస్ 2,775, డిక్కీ 663 లీటర్లు, బానెట్ కింద ఇంకో 150. బీఈ 6 పొడవు 4,371, క్రెటా కంటే నాలుగు సెంటీమీటర్లే ఎక్కువ. వీల్‌బేస్ మాత్రం 165 మి.మీ. ఎక్కువ. అయినా వాలు కప్పు, చిన్న వెనక కిటికీల వల్ల లోపల కూర్చుంటే ఆ విశాలం మనసుకు అందదు. టేపు చెప్పేదీ మనిషికి అనిపించేదీ ఒకటి కాని సందర్భం ఇది.

ఏడు సీట్ల ఎస్‌యూవీలో మూడో వరుస నిజంగా పెద్దవాళ్లకు పనికొస్తుందా?

కొన్నిటిలో గంటసేపు, కొన్నిటిలో అరగంట, ఎక్కువ వాటిలో పిల్లలకే.

మూడో వరుస ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఇది అర్థమవుతుంది. హారియర్, సఫారీ ఒకే నిర్మాణం, రెండిటి వీల్‌బేస్ 2,741. సఫారీ పొడవు 4,668, హారియర్ 4,605. అంటే 63 మి.మీ. తోక పెంచి, కప్పును వెనక దాకా ఎత్తుగా లాగి మూడో వరుస పెట్టారు. తలకు చోటు దొరికింది, కాళ్లకు కావలసింది రెండో వరుస వాళ్లు సీటు ముందుకు జరిపి ఇవ్వాలి. హ్యుందాయ్ అల్కజార్ విషయంలో క్రెటా వీల్‌బేస్‌నే 2,610 నుంచి 2,760కి సాగదీశారు. ఇది మెరుగైన పద్ధతి. అయినా వెడల్పు 1,800 దగ్గరే ఉంది, మూడో వరుస వేసినప్పుడు డిక్కీ 180 లీటర్లు.

ఆ డిక్కీ అంకె దగ్గర ఆగండి. ఏడుగురు ఎక్కితే ఏడుగురి బట్టలూ ఎక్కాలి. అల్కజార్‌లో 180, ఎర్టిగాలో 209, కారెన్స్‌లో 216, హైక్రాస్‌లో 300. పైన లెక్క వేసిన పెద్ద సూట్‌కేసు 112 లీటర్లు. అంటే చాలా ఏడు సీట్ల బండ్లలో మనుషులందరూ ఎక్కితే ఒక పెట్టె, రెండు సంచులు. ఏడుగురు తిరుమల వెళ్లాలంటే లగేజీ కాళ్ల కింద, ఒళ్లో, లేదా పైన క్యారియర్ మీద.

తిరుమల మాట వచ్చింది కాబట్టి ఒక మాట. మూడో వరుస వెనక చక్రాల మీదుగా ఉంటుంది, ఘాట్ రోడ్డు మలుపుల్లో ఊపు అక్కడ బాగా తెలుస్తుంది. కిటికీ చిన్నది, చాలా బండ్లలో దించడానికి రాదు. కారులో వాంతులయ్యేవాళ్లను అక్కడ కూర్చోబెట్టకండి. మూడో వరుసకు సొంత ఏసీ వెంట్ ఉందా, ప్రమాదంలో కిటికీల మీదుగా తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ అక్కడి దాకా వస్తుందా అన్నవి కూడా కొనేముందే చూడండి.

ఆరు సీట్లా, ఏడు సీట్లా?

రెండో వరుసలో విడివిడి కెప్టెన్ సీట్లుంటే ఆరు, బెంచి ఉంటే ఏడు. కెప్టెన్ సీట్ల మధ్య సందులోంచి మూడో వరుసకు వెళ్లవచ్చు, పిల్లలకు అది ఆట. మూడో వరుస ఎప్పుడో ఒకసారి వాడే ఇంటికి బెంచి మేలు. వెనక వరుస మడిచేసి ఐదుగురు, పెద్ద డిక్కీ. కెప్టెన్ సీట్లు తీసుకుంటే మూడో వరుస మడిచిన రోజున అది నలుగురి బండి.

ఇన్నోవా, కారెన్స్, ఎర్టిగా ఎస్‌యూవీలు కావు కదా? వాటి ఊసెందుకు?

చోటు గురించి అడుగుతున్నారు కాబట్టి. ఆరుగురు, ఏడుగురు తరచూ ప్రయాణించే కుటుంబానికి ఎస్‌యూవీ ఆకారమే మొదటి అడ్డంకి. పొడవాటి బానెట్, ఎత్తైన నేల, వాలు వెనక భాగం, అన్నీ మనుషుల చోటులోంచే తీసుకుంటాయి.

కియా బండ్లు దీనికి మంచి ఉదాహరణ. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గరి ఎర్రమంచి ఫ్యాక్టరీలో 2019లో సెల్టోస్‌తో ఉత్పత్తి మొదలైంది. తర్వాత సోనెట్, కారెన్స్ అక్కడి నుంచే వచ్చాయి. తొలి తరం సెల్టోస్ వీల్‌బేస్ 2,610. కారెన్స్‌ది 2,780. వెడల్పు రెండిటికీ 1,800. ఒకే చోట తయారై, వెడల్పు ఒకటే ఉన్న రెండు బండ్లలో కారెన్స్ మూడో వరుసలో సగటు ఎత్తు మనిషి తల వంచకుండా కూర్చోగలడు. వీధిలో జనం తిరిగి చూసేది సెల్టోస్ వైపే, అదీ నిజమే. ఎవరి కోసం కొంటున్నారో తేల్చుకోవలసింది మీరే.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఏ ఎత్తు బండి?

ఎత్తు బండి కాదు, సరైన ఎత్తులో సీటున్న బండి. నిలబడిన మనిషి పక్కకు తిరిగి, కాస్త వంగి, నడుము పెద్దగా దించకుండా, ఎత్తకుండా కూర్చోగలగాలి. హ్యాచ్‌బ్యాక్‌లో కిందికి కూలబడాలి, లేచేటప్పుడు మోకాళ్లు మొరాయిస్తాయి. స్కార్పియో-ఎన్, ఫార్చూనర్ లాంటి చట్రం బండ్లలో పైకి ఎక్కాలి. చీర కట్టుకున్న అత్తగారు ఒక చేత్తో కుచ్చిళ్లు, ఒక చేత్తో పిడి పట్టుకుని ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టడం చూస్తే ఆ బండి ఆమె కోసం కాదని తెలిసిపోతుంది. క్రెటా తరగతి బండ్లు, కారెన్స్ ఈ విషయంలో అనువుగా ఉంటాయి. వెనక తలుపు ఎంత కోణంలో తెరుచుకుంటుంది, గడప వెడల్పెంత అన్నవీ చూడండి. వెడల్పాటి గడప దాటేటప్పుడు తడి రోజుల్లో చీర అంచుకు బురద అంటుతుంది.

పనోరమిక్ సన్‌రూఫ్ వల్ల తలకు చోటు తగ్గుతుందా?

తగ్గుతుంది. అద్దం, తెర, పట్టాలు కప్పు లోపలి నుంచి కొన్ని సెంటీమీటర్లు తీసుకుంటాయి. ఆరడుగుల మనిషి వెనక కూర్చునే ఇల్లయితే సన్‌రూఫ్ ఉన్న వేరియంట్లోనే కూర్చుని చూడాలి. టాటా కర్వ్ లాంటి వాలు కప్పు బండ్లలో మరీ ముఖ్యం. దాని డిక్కీ 500 లీటర్లు, వెనక తల దగ్గర మాత్రం ఆ ఉదారత లేదు.

గ్రౌండ్ క్లియరెన్స్ ఎక్కువుంటే లోపల చోటు ఎక్కువా?

సంబంధం లేదు. అది నేలకూ బండి అడుగుకూ మధ్య ఉన్న ఖాళీ. నెక్సాన్ 208, ఎలివేట్ 220, క్రెటా 190. ఐదుగురు, సామాను ఎక్కాక అందులో కొంత తగ్గుతుంది.

చిన్నపిల్లల సీట్లు రెండు పెట్టాలంటే?

రెండు ఐసోఫిక్స్ సీట్లు (కారు సీటులోని ఇనుప కొక్కేలకు తగిలించే పిల్లల సీట్లు) పక్కలకు బిగిస్తే మధ్యలో మిగిలే చోటు నాలుగు మీటర్ల బండ్లలో పెద్ద మనిషికి చాలదు. తల్లి మధ్యలో కూర్చోవాలంటే హారియర్, ఎక్స్‌యూవీ 700 వెడల్పు కావాలి. వెనకకు తిరిగి ఉండే పసిపిల్లల సీటు ముందు సీటును ముందుకు నెట్టేస్తుంది. బిగించాక ముందు కూర్చునేవాళ్ల మోకాళ్లు డాష్‌బోర్డుకు తగలకూడదు. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే 1,000 రూపాయల జరిమానా. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం లెక్కలోకి రాదు.

షోరూమ్‌లో పది నిమిషాల్లో చోటు ఎలా పరీక్షించాలి?

మన బ్రోషర్లలో సాధారణంగా కాళ్ల చోటు అంకె ఉండదు. ఉన్నా ముందు సీటు ఎక్కడుంటే ఆ అంకె వచ్చిందో తెలియదు. షోరూమ్ బండ్లలో ముందు సీట్లు బాగా ముందుకు జరిపి ఉంచుతారు, వెనక తలుపు తెరవగానే విశాలంగా కనిపించడానికి. కాబట్టి ముందు మీరు డ్రైవర్ సీట్లో కూర్చుని, రోజూ నడిపే పద్ధతిలో సీటు సర్దుకోండి. దిగి, దాన్ని కదపకుండా, మీ వెనకే కూర్చోండి. మోకాలికీ సీటుకూ మధ్య పిడికిలి పట్టాలి. పాదం ముందు సీటు కిందికి దూరాలి. ముందు సీటు ఎత్తు పూర్తిగా దించి కూడా చూడండి, కొన్ని బండ్లలో అప్పుడు పాదాలకు చోటే ఉండదు. తొడలు సీటును అంటి ఉన్నాయా, గాల్లో లేస్తున్నాయా గమనించండి.

మూడు వరుసల బండయితే ఇదే పని వెనక నుంచి మొదలు కాదు, ముందు నుంచి మొదలుపెట్టాలి. డ్రైవర్, అతని వెనక, ఆ వెనక, ముగ్గురూ ఒకేసారి కూర్చోవాలి. ఒక్కరే మూడు వరుసలూ చూసి బాగుందంటే లెక్క కాదు. ఇంట్లోని పెద్ద సూట్‌కేసు వెంట తీసుకెళ్లి డిక్కీలో పెట్టి తలుపు మూయించండి. సేల్స్‌వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

అపార్ట్‌మెంట్ సెల్లారులో ఎంత బండి పడుతుంది?

కారు పార్కింగ్ గడికి సాధారణంగా చూపే కొలత 2.5 మీటర్లు × 5 మీటర్లు. 1,922 వెడల్పున్న సఫారీ సరిగ్గా మధ్యలో నిలిపితే చెరో పక్క 29 సెంటీమీటర్లు మిగులుతాయి. క్రెటా అయితే 35. కంపెనీలు చెప్పే వెడల్పులో అద్దాలు కలపరు, అవి మడవాలి. ఒక పక్క స్తంభం, ఇంకో పక్క పొరుగువారి బండి ఉంటే రెండిటిలోనూ పిల్లల్ని ముందే దించి పార్క్ చేయవలసిందే. సెల్లారు వాలు మొదట్లో, దూలం కింద ఎత్తు కూడా కొలవండి. రూఫ్ క్యారియర్ బిగిస్తే బండి ఎత్తు పెరుగుతుంది. యంత్రంతో ఎత్తే రెండంతస్తుల పార్కింగ్ అయితే అక్కడ రాసిన బరువు, ఎత్తు పరిమితులు బుకింగ్‌కు ముందే చూడాలి.

అమెరికాలో మా అబ్బాయి దగ్గరున్న మిడ్‌సైజ్ ఎస్‌యూవీ ఇక్కడి మిడ్‌సైజ్‌తో సమానమా?

కాదు. అక్కడ టొయోటా హైలాండర్ మూడు వరుసల మిడ్‌సైజ్, దాని పొడవు దాదాపు 4,950. మన దగ్గర మిడ్‌సైజ్ అంటే క్రెటా, అక్కడివాళ్ల కంటికి అది చిన్న బండి. ఆ హైలాండర్‌లోనూ మూడో వరుస వెనక 16 ఘనపుటడుగులే. చాలదనే గ్రాండ్ హైలాండర్ తెచ్చారు, అందులో 20.6. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వెళ్లినప్పుడు విమానాశ్రయానికి ఏ బండి పంపాలో ఈ అంకె చెబుతుంది.

పాత మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కొంటే చోటు నష్టపోతామా?

తరం మారితే కొంత, ముస్తాబు మారితే దాదాపు ఏమీ లేదు. 2015 క్రెటా పొడవు 4,270, వీల్‌బేస్ 2,590. 2020లో 4,300, 2,610. 2024లో 4,330, వీల్‌బేస్ అదే 2,610. చివరిసారి పెరిగిన 30 మి.మీ. బంపర్లదే. హెక్టార్ కూడా 2019లో 4,655 ఉండి తర్వాత 4,699 అయింది, వీల్‌బేస్ 2,750 కదలలేదు. చోటు కోసమే అయితే 2020 తర్వాతి క్రెటాలో ఏ ఏడాదిదైనా ఒకటే. మిగిలిన డబ్బు టైర్లకు, సర్వీసుకు పెట్టుకోవచ్చు. పాత బండిలో వెనక సీటు స్పాంజి కుంగిందేమో మాత్రం కూర్చుని చూడండి, కుంగితే మోకాళ్లు ఎత్తుకు వస్తాయి.